గ్రీన్‌వే

మోటారు బండ్లను రానివ్వకుండా, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ మాత్రమే వదిలిన పచ్చని బాట గ్రీన్‌వే. స్పెయిన్ 1993 నుంచి మూతపడ్డ రైలు మార్గాలను ఇలా మారుస్తోంది. మనకు దగ్గరి నమూనా హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్. అక్కడ నీడ చెట్లది కాదు, సౌర ఫలకాలది!

మరి ఆంధ్రప్రదేశ్‌లోని గిద్దలూరు వైపు ఇలాంటి బాట వీలవుతుందా? దిగువమెట్ట దాటాక నల్లమలలో మీటర్‌గేజ్ రైళ్ల నాటి దొరబావి వంతెన మార్గం గేజ్ మార్పిడితో మూలపడింది. రైలు కట్టకు వాలు తక్కువ, సైకిలుకు అనువే. కానీ అది పులుల అడవి. అటవీశాఖ ఒప్పుకోనిదే అడుగు పడదు. మార్కాపురం, కంభం, గిద్దలూరు మధ్య రైళ్లు ఇంకా తిరుగుతున్నాయి కనుక బాటకు వేరే స్థలం చూడాలి. నన్నడిగితే, ముందు కంభం చెరువు చుట్టుపక్కల వెతకమంటాను.