మూడు ఊళ్ళు, మూడు వరుసలు

2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలలో తెలుగు, ఉర్దూ రెండూ వినబడతాయి. ఈ మూడు పేర్లను అక్షరక్రమంలో వ్రాయవలసివస్తే ఏది ముందు? తెలుగులో ధ, ప, హ వరుస కనుక ధర్మవరం, పెనుకొండ, హిందూపురం. ఇంగ్లీషులో హిందూపురం రెండవదై, పెనుకొండ చివరికి పోతుంది. ఉర్దూలో అలిఫ్, బేల తర్వాతి అక్షరమే పే. అందువల్ల బాబా ఫక్రుద్దీన్ దర్గాతో ప్రసిద్ధమైన పెనుకొండకే మొదటి స్థానం. దాల్‌తో మొదలయ్యే ధర్మవరం రెండవది, హిందూపురం ఆఖరుది. ఈ వరుసలలో ఏదీ తప్పు కాదు.

అయితే ఉర్దూ జాబితాను కంప్యూటరుకు అప్పగించి ఊరుకుంటే, అది ధర్మవరాన్నే ముందు పెడుతుంది. యంత్రానికి అక్షరమంటే ఒక సంఖ్య మాత్రమే. యూనికోడ్ పట్టికలో అరబీ అక్షరాలు ముందు వచ్చాయి. అరబీలో లేని పే, టే, చే, డాల్, గాఫ్ మొదలైనవి వాటి వెనుక చేరాయి. దాల్ సంఖ్య 1583, వావ్ సంఖ్య 1608, పే సంఖ్య 1662. కనుక పాషా అనే పేరు వహీద్ కంటె దిగువకు జారిపోతుంది. వక్ఫ్ రిజిస్టరులో గాని, మదరసా గ్రంథాలయ సూచికలో గాని ఉండవలసిన చోట పేరు కనబడకపోతే, వెదికేవాడు అది అసలు లేదనే అనుకుంటాడు.

తెలుగుకూ ఈ చిక్కు తప్పలేదు. బడిలో నేర్చిన వర్ణమాల ప్రకారం కల, కవి, కళ అని రావాలి. యూనికోడ్‌లో ళ అక్షరం ల పక్కనే ఉన్నందున కవి చివరికి పోతుంది.

ఇందుకు విరుగుడు కొలేషన్, అనగా ఒక్కొక్క భాషకు వేరుగా ఉండే వర్ణక్రమ నియమావళి. అందులో సంఖ్యను కాక, అక్షరానికి ఇచ్చిన తూకాన్ని చూస్తారు. ముందు అక్షరాలను పోల్చి, అవి సమానమైనప్పుడే జబర్, జేర్, పేష్‌ల తేడాను లెక్కిస్తారు. జాబితా ఉర్దూదా, తెలుగుదా అన్నది డేటాబేస్‌కు మనిషే చెప్పాలి. కొన్ని డేటాబేస్‌లలో సొంత నియమాలను కూడా చేర్చవచ్చు.

వరుస మనుషులు ఏర్పరచుకొనేదేనని అరబీ నిఘంటుకారులకు ఏనాడో తెలుసు. 8వ శతాబ్దపు బస్రా పండితుడు ఖలీల్ ఇబ్న్ అహ్మద్ తన 'కితాబుల్ ఐన్'ను అలిఫ్‌తో కాక, గొంతు లోతున పలికే ఐన్‌తో ఆరంభించాడు.

కొలేషన్ ఎంచుకున్నాక కూడా ఒక జాగ్రత్త అవసరం. అరబీ యే, ఉర్దూ యే పదం మొదట ఒకేలా కనబడతాయి. వాటి సంఖ్యలు మాత్రం 1610, 1740. ఒకరు అరబీ కీబోర్డుపై, మరొకరు ఉర్దూ కీబోర్డుపై యూసుఫ్ అని కొడితే, ఒక దానికై వెదికినప్పుడు రెండవది దొరకకపోవచ్చు. పేర్లు ఎక్కించేటప్పుడే ఈ రెంటినీ ఒకే అక్షరానికి మార్చుకోవాలి.