పట్టుగుడ్డు గడువు తల్లి చేతిలో

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో మల్బరీ రైతులు పెంచే పట్టుపురుగులు ముఖ్యంగా రెండు రకాలు: పసుపు గూళ్లు కట్టే సీబీ (సంకర రకం), తెల్ల గూళ్లు కట్టే బైవోల్టిన్. తేడా గూటి రంగుతో ఆగదు. గుడ్డులో పిండం పెరిగే తీరులోనూ ఉంది.

గూటి నుంచి బయటపడిన మాత్ ఏమీ తినదు. ఆడది పొట్ట చివర నుంచి వదిలే బొంబికాల్ వాసనను మగది మీసాలతో పసిగడుతుంది. ఈ పదార్థాన్ని 1959లో జర్మన్ శాస్త్రవేత్త బుటెనాంట్ గుర్తించాడు. రసాయన నిర్మాణం తేలిన తొలి ఫెరోమోన్ ఇదే. గ్రెయినేజీలో (పట్టుగుడ్లు తయారుచేసే కేంద్రంలో) మూడు నాలుగు గంటలకే జంటలను విడదీస్తారు. శుక్రకణాలు ఆడదాని ఒంట్లోని సంచిలో నిల్వ ఉండి, గుడ్డు జారే దారిలో పెంకుకున్న సన్న రంధ్రం గుండా లోపలికి చేరతాయి. ఒక్కో తల్లి 400–500 గుడ్లు పెడుతుంది. ఆపై ఆ తల్లినే నూరి మైక్రోస్కోపు కింద చూస్తారు. పెబ్రిన్ క్రిమి కనిపిస్తే ఆ గుడ్లన్నీ తగలబెట్టాల్సిందే, ఎందుకంటే రోగం తల్లి నుంచి గుడ్డులోకే దిగుతుంది. ఇది 1860లలో లూయీ పాశ్చర్ ఫ్రాన్సులో చూపిన దారి.

గుడ్డులో కేంద్రకం గోడలు లేకుండానే చీలుతూ పోతుంది. ఆ కేంద్రకాలు సొన పైఅంచుకు చేరాకే కణాలు ఏర్పడతాయి. వాటిలో ఒక పట్టీ పిండమవుతుంది, మిగతావి దాన్ని కప్పే పొర అవుతాయి. బైవోల్టిన్ గుడ్డులో ఎదుగుదల ఇక్కడే, మొదటి రెండు మూడు రోజుల్లోనే ఆగిపోతుంది. పై పొరలో రంగు చేరి, పసుపు గుడ్డు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇదే సుప్తావస్థ.

విచిత్రమేమిటంటే ఎదుగుదల ఆగాలా సాగాలా అన్న నిర్ణయం పిండానిది కాదు, తల్లిది. తల్లి తాను గుడ్డుగా ఉన్నప్పుడు సోకిన వేడిని, వెలుతురును బట్టి, ప్యూపా దశలో ఆమె గొంతు కింది నాడీముడి గుడ్లను నిద్రపుచ్చే హార్మోన్ విడుదల చేస్తుంది. అందుకే సీబీలో తల్లిగా గుడ్లు నిద్రపోని ప్యూర్ మైసూర్ రకాన్ని, తండ్రిగా బైవోల్టిన్‌ను తీసుకుంటారు. ఆ గుడ్లు ఆగకుండా పదిరోజులకు పగులుతాయి. జంటను తారుమారు చేస్తే అవే గుడ్లు నిద్రలోకి జారతాయి. బైవోల్టిన్ గుడ్లను వెంటనే పొదిగించాలంటే, పెట్టిన 20 గంటలకు 46 డిగ్రీల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సుమారు 5 నిమిషాలు ముంచి కడుగుతారు.

తర్వాత పిండం గుడ్డులోనే ఒకసారి వెన్ను, పొట్ట తిరగేసుకుంటుంది. ఎనిమిదో రోజుకు తల నల్లచుక్కగా కనిపిస్తుంది, మర్నాటికి గుడ్డంతా నీలిరంగు పడుతుంది. అప్పుడు గుడ్లను చీకట్లో ఉంచి, పగిలే రోజు పొద్దున్నే వెలుతురు చూపిస్తే పిల్లలన్నీ దాదాపు ఒకేసారి బయటికొస్తాయి. పిల్లలు ఒకేసారి రాకపోతే జ్వరాలు (పురుగులు చర్మం మార్చుకునే దశలు) ఒకేసారి రావు, మేత లెక్క తప్పుతుంది.