ఉపకారవేతనం నుంచి ప్రయోగశాలకు

కువైత్‌లోని అబ్బాసియాలో భారతీయ పాఠశాలలకు కొదవ లేదు. అక్కడ చదివిన తెలుగు పిల్లల్లో చాలామంది పన్నెండో తరగతి కాగానే పై చదువులకు భారతదేశం వస్తారు. జీవశాస్త్రం ఇష్టపడే పిల్లలకు పెద్దలు చూపే దారి సాధారణంగా ఒక్కటే: నీట్. 2021లో ఆ పరీక్షకు కువైత్‌లోనే కేంద్రం ఏర్పడింది. వ్యాధి మూలాన్ని వెతికే వైద్యజీవశాస్త్ర పరిశోధన మాత్రం ఇళ్లలో అరుదుగా చర్చకు వస్తుంది. వచ్చినా "బీఎస్సీ చదివి ఏం చేస్తావు?" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతుంది.

నిజానికి ఈ దారి తెలుగువారికి కొత్త కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1922లో బోస్టన్ చేరారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీ, మామగారు సమకూర్చిన సొమ్ము ఆ ప్రయాణానికి ఆధారాలు. అయితే ఆయనను పరిశోధకుడిగా తీర్చిదిద్దింది హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ ప్రయోగశాల. ఫాస్ఫరస్‌ను కొలవడానికి 1925లో వారిద్దరూ ప్రకటించిన పద్ధతిని జీవరసాయన విద్యార్థులు నేటికీ నేర్చుకుంటున్నారు. సొమ్ము ఆయనను బోస్టన్ దాకా చేర్చింది. పని నేర్పింది ప్రయోగశాల.

నేటి ఉపకారవేతనాలలోనూ ఈ రెండింటినీ విడదీసి చూడాలి. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం నడిపే ఇన్‌స్పైర్ పథకంలో డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 80,000 రూపాయలు కేటాయించారు. ఇందులో 60,000 చదువు ఖర్చులకు. మిగతా 20,000 వేసవిలో ఒక పరిశోధకుని మార్గదర్శకత్వంలో చేసే ప్రాజెక్టుకు. పన్నెండో తరగతిలో తమ బోర్డులో మొదటి 1 శాతంలో నిలవడం అర్హతకు ఒక మార్గం. ప్రాథమిక విజ్ఞానశాస్త్రాలు చదివేవారికే ఇది వర్తిస్తుంది. ఎంబీబీఎస్, ఇంజనీరింగ్ విద్యార్థులకు వర్తించదు. కాబట్టి కోర్సును ఎంచుకునే నాటికే ఈ సంగతి తెలిసి ఉండాలి.

చూపుకు చిన్నదైన ఆ 20,000 భాగమే అసలు మలుపు. తరగతిలో ప్రశ్నకు జవాబు ముందే ఉంటుంది, ప్రయోగశాలలో ఉండదు. కణాలను పెంచడం, పోలికకోసం మందు తగలని కణాలను విడిగా ఉంచడం, ఫలితం తారుమారైతే లోపం ఎక్కడుందో వెతకడం, ప్రతిదీ పుస్తకంలో రాసుకోవడం అక్కడ అలవడతాయి. ఈ పని తనకు సరిపడుతుందో లేదో విద్యార్థికి అక్కడే తెలుస్తుంది. ఆ పనిని దగ్గరుండి చూసిన శాస్త్రవేత్త రాసే సిఫారసు లేఖ పీహెచ్‌డీ ప్రవేశాలలో మార్కుల జాబితాకు లేని బలాన్నిస్తుంది. దేశంలోని మూడు విజ్ఞానశాస్త్ర అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్ కూడా ఇలాంటి అవకాశమే. 2015లో తిరుపతిలో మొదలైన ఐసర్‌లో అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ చివరి సంవత్సరం పరిశోధనకే కేటాయిస్తారు. రాజంపేట, కడప ప్రాంతాలనుంచి కువైత్ వెళ్లిన కుటుంబాలకు అది సొంత ఊరికి దగ్గరే.

ఈ దారికి మూల్యమూ ఉంది. డిగ్రీ, పీహెచ్‌డీ కలిపితే పదేళ్లు దాటవచ్చు. సీఎస్‌ఐఆర్ జూనియర్ ఫెలోషిప్ 2023నుంచి నెలకు 37,000 రూపాయలు. దానికి పోటీ తీవ్రం. తండ్రి ఉద్యోగ వీసాపై ఆధారపడిన ఇంటికి ఇది చిన్న లెక్క కాదు. అందుకే ఉపకారవేతనం ఎంత అన్నదానితో పాటు, దానితో ఏ ప్రయోగశాలలో, ఎవరి వద్ద, ఎన్ని వారాలు పని దొరుకుతుందన్నదీ దరఖాస్తుకు ముందే అడగాలి.