నాపబండల సీమలో గిన్నె బందు

జమ్మలమడుగు వైపు పాత వంటిళ్లలో చెక్క అలమర అరుదు. గోడలో గూడు వదిలి, అడ్డంగా నాపబండలు దూర్చి, అరలు చేసుకునేవారు. పదుల కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ పరుచుకున్న లోతులేని సముద్రం అడుగున సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకుని రాయిగా మారింది. ఆ పొరల వెంటే చీలుతుంది కాబట్టి పలకలు తీయడం సులువు. 1872లో విలియం కింగ్ ఈ కడప, కర్నూలు శిలల మీద భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు పెద్ద గ్రంథమే రాశాడు. నేడు ముంబై, పుణెల్లో వంటగట్టుకు వేసే నల్లరాతిని ‘కడప్పా’ అనే పిలుస్తారు. ఊరి పేరే సరుకు పేరైపోయింది.

చెద పట్టదు, నీటికి ఉబ్బదు, వేడి గిన్నె దించినా మచ్చ పడదు. ఇంత మంచి రాయికి ఒకటే చిక్కు: మర పట్టదు. ఇప్పుడు ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగుల్లో కొత్త ఇల్లు కట్టేవారంతా వంటగట్టు కిందికి తలుపులు కావాలంటున్నారు. ఆ తలుపుల వెనక దాగే గిన్నె బందు పుట్టిందేమో పూర్తిగా వేరే పదార్థం కోసం.

రెండో ప్రపంచ యుద్ధకాలపు యూరప్‌లో మంచి కలపకు కరువొచ్చింది. చెక్క ముక్కల్ని, పొట్టును జిగురుతో కలిపి వేడిగా అదిమి పలకలు చేయడం అక్కడ మొదలైంది. జర్మనీకి చెందిన మాక్స్ హిమ్మెల్‌హెబర్ ఈ దారి తెరిచినవారిలో ముఖ్యుడు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఫ్రెడ్ ఫార్ని 1940లలో మూడు పొరల పలక చేసి నోవోపాన్ అన్నాడు. ఆ పేరుతోనే తర్వాత హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో కర్మాగారం వెలిసింది. పార్టికల్ బోర్డు అనే ఈ పలక చవక, చదును. కానీ దాని అంచులో బిగించిన మర త్వరగా ఊడుతుంది. పాత రెక్కల బందును తలుపు అంచుకే కదా బిగించేది? అంచుకు బలం లేనప్పుడు బందును పలక ముఖంలోకి మార్చాలి. గిన్నె బందు పుట్టుకకు పెద్ద కారణం ఇదే.

తలుపు లోపలి ముఖాన 35 మిల్లీమీటర్ల వెడల్పు గుండ్రని గుంత తీసి, అందులో చిన్న లోహపు గిన్నె కూర్చోబెడతారు. అడుగు చదునుగా ఉండే అలాంటి గుంతను తొలిచే బరమాకు 1874లో పేటెంట్ పొందినవాడు బెంజమిన్ ఫార్స్ట్‌నర్ అనే అమెరికన్ తుపాకుల పనివాడు. గిన్నె నుంచి వచ్చే చేయి కబోర్డు పెట్టె పక్కపలకకు బిగించిన ప్లేటుకు తగులుకుంటుంది. పక్కపలకలో రంధ్రాల వరసకు 32 మిల్లీమీటర్ల ఎడం ప్రమాణమైంది. ఒకేసారి అనేక రంధ్రాలు తొలిచే యంత్రాల్లో తొలుచు కడ్డీలను అంతకన్నా దగ్గరగా అమర్చడం కష్టమయ్యేది. యంత్రపు పరిమితే మన కబోర్డు కొలతైందన్నమాట.

ఈ బందు నడక చూడవలసిందే. పాత బందుకు ఒకటే ఇరుసు. తలుపు ఆ గీత చుట్టూ తిరుగుతుంది. గిన్నె బందులో గిన్నెనూ చేతినీ రెండు పొట్టి కడ్డీలు కలుపుతాయి. ఇంజనీర్లు దీన్ని నాలుగు కడ్డీల యంత్రాంగం అంటారు. తిరుగుడు కేంద్రం ఒకచోట నిలవక జరుగుతూ పోతుంది. అందుకే తలుపు ముందు కాస్త బయటికి వచ్చి, ఆ తర్వాత పక్కకు తిరుగుతుంది. ఆనుకుని ఉన్న రెండో తలుపుకు రాసుకోదు. లోపలి స్ప్రింగు, తలుపు ఒక కోణం దాటి మూతపడేవైపు వచ్చాక దాన్ని తనే లాగేస్తుంది. మన వడ్రంగులు దీన్ని ఆటో హింజ్ అనడం అందుకే.

ఆస్ట్రియాలో జూలియస్ బ్లూమ్ 1952లో పెట్టిన సంస్థ మొదట చేసింది గుర్రపు లాడాల ముళ్లు. తర్వాత బందుల్లోకి వచ్చింది. ధడాలున మూసుకోకుండా ఆపే మెత్తని మూత కూడా ఇలాంటి సంస్థల పనే. చిన్న గొట్టంలో సిలికోన్ నూనె, దాన్ని తోసుకుంటూ పోయే ముషలకం. ఎంత వేగంగా తోస్తే అంత ఎదురొత్తిడి. ఎండకూ చలికీ ఈ నూనె చిక్కదనం మామూలు నూనెలంతగా మారదు, మన వేసవికి అది ముఖ్యం.

ఇప్పుడు మళ్లీ బండ దగ్గరికి. రాతి పలకకు ప్లేటు నేరుగా నిలవదు కాబట్టి ముందు అంచున చెక్క లేదా అల్యూమినియం ఫ్రేము బిగించి, దానికి తలుపు పెడతారు. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. తలుపు ఫ్రేమును పూర్తిగా కప్పితే ‘0 క్రాంక్’ బందు, ఒకే నిలువుకు రెండు తలుపులు చెరిసగం పంచుకుంటే ‘8’, ఫ్రేము లోపలికి సమంగా దిగితే ‘16’. అంగడిలో ఇది చెప్పకుండా కొంటే తలుపు సగం తెరుచుకుని ఆగుతుంది. ఫ్రేము కోయకముందే బందుల పెట్టె వడ్రంగి చేతికివ్వాలి.

సింకు కింద రాయినే ఉంచమంటాను. అక్కడ బోర్డు ఎక్కువ కాలం నిలవదు. తడికి ఉబ్బిన పలకలో మర మళ్లీ పట్టదు. అక్కడి బందులు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువైతే మేలు. సొరుగుల సంగతి వేరు. చానళ్లు సాఫీగా జారాలంటే రెండు పక్కలూ ఖచ్చితంగా సమాంతరంగా ఉండాలి. చేత్తో నిలిపిన బండల మధ్య అంత నికరం దొరకదు. వాటికి ప్లైవుడ్ పెట్టె విడిగా చేయించి లోపల కూర్చోబెట్టడమే మంచిది. తడి తగిలేచోట ఆ ప్లైవుడ్‌పై ఐఎస్ 710 గుర్తు చూడండి. మైకా రంగు మీద పెట్టే ఖర్చులో కొంత తగ్గించి బందులకూ చానళ్లకూ పెడితే ఆ డబ్బు రోజూ పనిచేస్తుంది.

తలుపు సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తు వరకు ఉంటే రెండు బందులు చాలు; 160 వరకు మూడు; బరువు పెరిగితే ఇంకొకటి. ప్లేటు నుంచి నొక్కి ఊడదీసే రకం కొంటే పండగ ముందు ఇల్లు కడిగేటప్పుడు తలుపులు తీసి తుడుచుకోవచ్చు. గిన్నె గుంత లోతు సాధారణంగా 11 నుంచి 13 మిల్లీమీటర్లు. 18 మిల్లీమీటర్ల పలకలో అది భద్రంగా కూర్చుంటుంది. 12 మిల్లీమీటర్ల పలకతో తలుపు చేస్తానని ఎవరైనా అంటే, గుంత అవతలి ముఖానికి తేలుతుందని ముందే చెప్పి 18ది తెప్పించుకోండి.