ముందు చెప్పనిద్దాం, తర్వాత దిద్దుదాం

పిల్లల కాంపోజిషన్ నోట్సులు ఎప్పుడైనా తిరగేశారా? క్లాసులో అందరిదీ ఒకే ఆవు! నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, సాధుజంతువు. గైడులోని ఆవు అది. తమ ఇంటి బర్రె తన్నితే పాలచెంబు ఎగిరిపడ్డ సంగతి ఒక్కరూ రాయరు. రాస్తే మార్కులు పోతాయేమోనని భయం.

కథలు రాస్తానని తెలిసి, మా వీధి చివరి బడి టీచరుగారు శనివారాలు ఓ గంట ఐదో తరగతి పిల్లలతో గడపమన్నారు. "బోర్డు మీద రాయండి, చూసి రాస్తాం" అన్నారు పిల్లలు. "రాయొద్దు, చెప్పండి. నిన్న రాత్రి మీ ఇంట్లో అన్నం ఎవరు వండారు?" అన్నాను. అంతే, గది నిండా మాటలే! ఎప్పుడూ నోరు విప్పదనే పిల్ల కూడా లేచింది. "మా అమ్మ మిరపకాయలు ఏరనీకి పోయింది. చేతులు మండుతున్నయని నాతోని అన్నం కలిపిచ్చుకుంది" అంది. అదే రాయమన్నాను. "ఏరనీకి అని రాయొచ్చా టీచర్?" అని అడిగింది భయంగా.

ఈ భయం కొత్తది కాదు. నోటికి రాని గ్రాంథికంలో రాయమంటే పిల్లలు రాయలేరని పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు వందేళ్ళ కిందటే పోరాడారు. సవర పిల్లల కోసం వాళ్ళ భాషలోనే వాచకాలు తయారుచేశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. సభలు సరే, ఆయన చెప్పిన మాట తరగతి గదిలోకి రావద్దూ? పిల్లల ఇంటి భాషను గౌరవించమని 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రమూ చెప్పింది.

అలాగని తప్పులు వదిలేయమని కాదు. దేనికైనా వరస ఉండాలి. ముందు విషయం, తర్వాత అక్షరం. రాసింది పిల్లల చేతే పైకి చదివించాలి. ఎక్కడ తడబడితే అక్కడ తప్పుందని వాళ్ళకే తెలుస్తుంది. ఈ వారం ఒత్తులు, వచ్చే వారం దీర్ఘాలు... ఒక్కొక్కటే దిద్దాలి. పేజీ అంతా ఎర్ర ఇంకు పులిమితే పిల్లలకు కనబడేది తప్పులు కాదు, టీచరు కోపం. పుస్తకాల భాష కూడా క్రమంగా నేర్పాలి. అయితే ఇంటి మాటకు తోడుగానే నేర్పాలి, దాన్ని తుడిచేసి కాదు.

"పరీక్షలకు ఇది పనికొస్తుందా?" అని కొందరు తల్లులు అడిగారు. ఎందుకు రాదండీ! బట్టీ పట్టిన వ్యాసం మధ్యలో ఒక వాక్యం మరిస్తే కలం ఆగిపోతుంది. సొంతంగా నాలుగు వాక్యాలు రాయడం వచ్చిన పిల్లలు తెలియని అంశమిచ్చినా బెదరరు.

ఇంట్లో మనమూ సాయం చేయొచ్చు. సరుకుల చిట్టా పిల్లల చేత రాయించండి. అమ్మమ్మకు నాలుగు ముక్కల ఉత్తరం రాయమనండి. తెచ్చి చూపించినప్పుడు దస్తూరీ బాగాలేదని అనకుండా, "తర్వాత ఏమైంది?" అని అడగండి చాలు. ఇంకో నాలుగు వాక్యాలు వాళ్ళే రాసుకొస్తారు.