జ్వరం తగ్గిందనుకున్న వేళ

మన ఇళ్లలో సగం వైద్యం అలమారులోనే జరిగిపోతుంది. అందులో ఒక రేకు డబ్బా, డబ్బాలో నానారకాల బిళ్లలు. ఏది ఎప్పుడు కొన్నదో, ఎవరికి రాసినదో చెప్పగలవారు ఇంట్లో ఒక్కరూ ఉండరు. ముప్ఫై ఏళ్లుగా మందుల షాపులో కౌంటరు వెనక నిలబడుతున్నవాణ్ణి గనుక ఈ సంగతి నాకు బాగా తెలుసు.

మొన్న చలికాలంలో ఒక పెద్దావిడ వచ్చారు.

"నాయనా, మా మనవడికి ఆటలమ్మ పోసింది. ఒళ్లు కాలిపోతోంది. మా ఆయన గుండెకు వేసుకునే చిన్న బిళ్ల జ్వరానికి కూడా పనిచేస్తుందటగా? సగం తుంచి వెయ్యనా?"

"ఆ బిళ్ల మాత్రం వద్దమ్మా!" అన్నాను.

"పెద్దాయన గుండెను కాపాడే మందు పసివాణ్ణేం చేస్తుంది?" అన్నారావిడ.

న్యాయమైన ప్రశ్నే. పిల్లలున్న ప్రతి ఇంటికీ పనికివచ్చే జవాబు గనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఆ బిళ్ల ఆస్పిరిన్. 1899 నుంచీ లోకమంతా వాడుతున్న మందు. అమెరికాలో ఒకప్పుడు పసిపిల్లల కోసమే నారింజ రుచితో తియ్యటి ఆస్పిరిన్ బిళ్లలు చేసి అమ్మేవారు.

1963లో, ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరంలోని పిల్లల ఆస్పత్రిలో పనిచేసే డాక్టర్ డగ్లస్ రై, తన సహచరులతో కలిసి 'లాన్సెట్' అనే వైద్యపత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. అందులో 21 మంది పిల్లల కథ ఉంది. వారిలో 17 మంది దక్కలేదు. మొదట మామూలు జలుబూ జ్వరమూ వంటిదే. ఆ తరువాత ఆగని వాంతులు, మగత, ఫిట్సు, స్పృహ తప్పడం. పరీక్షించి చూస్తే మెదడు వాచి ఉంది, కాలేయమంతా కొవ్వు పేరుకుంది. ఈ జబ్బుకే తరువాత 'రైస్ సిండ్రోమ్' అని పేరు వచ్చింది.

దీనికీ ఆస్పిరిన్‌కూ ఉన్న సంబంధం బయటపడడానికి మరి కొన్నేళ్లు పట్టింది. ఫ్లూ జ్వరంలోనో, ఆటలమ్మలోనో ఆస్పిరిన్ వేసిన పిల్లల్లోనే ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తున్నదని అమెరికాలో జరిగిన పరిశోధనలు తేల్చాయి. 1982లో అక్కడి ప్రభుత్వ వైద్యాధికారి హెచ్చరిక చేశారు. 1986లో మందు సీసాల మీద ఆ హెచ్చరిక అచ్చువెయ్యడం తప్పనిసరి చేశారు. తల్లులు మాట విన్నారు. 1980లో అక్కడ 555 కేసులు నమోదైతే, 1994 నుంచి 1997 వరకు ఏ ఏడూ రెండుకు మించలేదు!

అయితే భయపడవద్దు. ఇది చాలా అరుదైన జబ్బు. ఆస్పిరిన్ వేసిన ప్రతి పిల్లవానికీ రాదు. కాని వచ్చిందంటే గంటల మీద ముదురుతుంది. దెబ్బతిన్న కాలేయం రక్తంలోని అమ్మోనియాను శుభ్రం చెయ్యలేదు. ఆ విషం మెదడుకు ఎక్కుతుంది.

ఇందులో పెద్ద మోసం ఏమిటంటే, జ్వరం తగ్గి పిల్లవాడు తేరుకుంటున్నాడని మనం ఊపిరి పీల్చుకునే వేళకే ఇది మొదలవుతుంది. అప్పుడు వాంతులు ఆగకపోయినా, పిల్లవాడు మత్తుగా పడివున్నా, కారణం లేకుండా చికాకు పడినా, పొంతనలేని మాటలు మాట్లాడినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే పెద్దాస్పత్రికి తీసుకువెళ్లండి. ఏయే మందులు వేశారో డాక్టరుగారికి దాచకుండా చెప్పండి.

మరి పిల్లల జ్వరానికి ఏం వెయ్యాలి? సాధారణంగా పారాసిటమాల్. అదైనా కొలత తప్పితే కాలేయానికి చేటే. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లకు మించకుండా ఇవ్వాలి. అంటే పది కిలోల బిడ్డకు ఒక మోతాదు 100 నుంచి 150 మిల్లీగ్రాములు. సీసాలన్నీ ఒకటి కావు: కొన్ని సిరప్పుల్లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, కొన్నిటిలో 250 ఉంటాయి. చుక్కల మందయితే ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది! అంచేత వంటింటి చెంచా పక్కన పెట్టి, సీసాతో వచ్చిన కొలతమూతనే వాడండి. మూడు నెలలలోపు పసికందుకు జ్వరం వస్తే మాత్రం ఇంటివైద్యం అసలే పనికిరాదు; డాక్టరుకు చూపించవలసిందే.

మరొక్క మాట. కవాసాకి జబ్బు వంటి కొన్నిటికి డాక్టర్లే పిల్లలకు ఆస్పిరిన్ రాస్తారు. అలాంటప్పుడు ఈ వ్యాసం చదివి ఆ మందు మానిపించకండి. మధ్యలో ఆటలమ్మో, ఫ్లూ జ్వరమో వస్తే మాత్రం వెంటనే ఆ డాక్టరుగారికే తెలియజెయ్యండి.

ఈ ఆదివారం ఆ రేకు డబ్బా ఒకసారి దించండి. అట్ట మీది పెద్ద పేరు కాదు, కింద సన్నటి అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవండి. 'ఆస్పిరిన్' అన్నా, 'అసిటైల్ సాలిసిలిక్ ఆసిడ్' అన్నా ఒకటే. తాతగారి బిళ్లలు తాతగారి పేరు రాసిన డబ్బాలోకి, పిల్లల చెయ్యి అందని చోటుకి చేరాలి. గడువు తీరినవి చెత్తబుట్టలో పడెయ్యకుండా మందుల షాపువాణ్ణి అడగండి. మేమున్నది అందుకే.