మోసుకుపోయే గాలి

గాలికి బరువు ఉన్నదని మనమందరం హైస్కూలులోనే చదువుకున్నాం. ఆ గాలిని మోసుకుపోవాలంటే ఎంత బరువవుతుందో మాత్రం మా ఊరి ట్రాక్టరు మెకానిక్కు అడిగేదాకా నేను ఆలోచించలేదు.

మా అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఎర్రనేలల్లో ఒక మంచి వాన పడితే వేరుశనగ విత్తడానికి పదును మూడు నాలుగు రోజులకు మించి నిలవదు. ప్రతి ట్రాక్టరూ చేలో ఉండేది ఆ రోజుల్లోనే, టైరులో తుమ్మముల్లు దిగేదీ ఆ రోజుల్లోనే. పంచర్ అంగడి రోడ్డు మీద, ట్రాక్టరు ఆరు కిలోమీటర్ల లోపల. పోయినేడు మా చేలో అట్లాగే ఒక పూట పోయింది. మర్నాటికి పైనేల ఆరిపోయింది. ఆ చెక్కలో మొలక పలచబడింది. మా నాయన ఏమీ అనలేదు గానీ, మెకానిక్కు మామ ఊరుకోలేదు. "ఏమప్పా, బీయస్సీ సదువుతా ఉండావు గదా, బండి మీద మోసుకుపొయ్యే గాలి ఏదన్నా చెయ్యగూడదా?" అన్నాడు.

మొదట తోచింది ట్యాంకు. పాత లారీ ఎయిర్ బ్రేకు ట్యాంకు, 24 లీటర్లది అనుకుందాం, 8 బార్ల పీడనానికి నింపి తీసుకుపోతాం. ట్రాక్టరు వెనుక టైరు లోపలి ఘనపరిమాణం సుమారు 200 లీటర్లు. బాయిల్ నియమం ప్రకారం 24ను 8తో గుణిస్తే 192. దాన్ని ట్యాంకూ టైరూ కలిసిన 224తో భాగిస్తే 0.86 బారు, అనగా మెకానిక్కుల భాషలో పన్నెండు పౌండ్ల పైచిల్లర. పొలం పనికి చాలీచాలని గాలి. అదీ ఒక్క పంచరుకే.

మామకు టైరుతోపాటు బోల్టులు విప్పే గాలి గన్ను కూడా నడవాలని ఆశ. ఇక్కడ లెక్క అడ్డం తిరిగింది. గన్నుకు 6 బార్లకు తగ్గితే బలం ఉండదు. కాబట్టి 8 నుంచి 6 దాకా ఉన్న గాలే దానికి పనికొస్తుంది. 24 లీటర్ల ట్యాంకులో అది 48 లీటర్లు. ఆపకుండా పట్టుకుంటే గన్ను నిమిషానికి 400 లీటర్లు తాగుతుందనుకుందాం. ఏడు సెకండ్లు! ఒక బోల్టు కదిలేలోపే ట్యాంకు చల్లబడిపోతుంది.

పీడనం పెంచితే పోదా అని మీరు అడగవచ్చు, నేనూ అడిగాను. పీడనం రెట్టింపైతే రేకు మందమూ పెరగాలి. సగం ట్యాంకులో రెట్టింపు పీడనం పెట్టినా ఇనుము బరువు దాదాపు అంతే. ట్యాంకు చిన్నదవుతుంది గానీ తేలిక కాదు. నిజమే, 150 బార్ల సిలిండరులో గన్నుకు పనికిరాకుండా మిగిలే భాగం బహుకొద్ది. కానీ దాన్ని నింపే యంత్రం మా మండలంలో ఎవరి దగ్గరుంది? వెల్డింగు అంగడిలో ఆక్సిజన్ సిలిండరు కనిపిస్తుంది, చేయి అటే పోతుంది. పోకూడదు. ఒత్తిడి మీద వచ్చే ఆక్సిజన్‌కు నూనె, గ్రీజు తగిలితే నిప్పురవ్వ లేకుండానే అంటుకుంటుంది. మెకానిక్కు చేతిలో నూనె లేని పనిముట్టు ఏది?

దారి మా ఊళ్ళోనే ఉంది. బావులు లోతు చేయడానికి వచ్చే కంప్రెసరు ట్రాక్టరును చిన్నప్పటినుంచీ చూశాం. రాయికి రంధ్రం వేసే ఆ జాక్‌హ్యామరుకు నిమిషానికి రెండు వేల లీటర్ల ప్రాంతం గాలి కావాలి. అంత గాలికీ వేరే ఇంజను లేదు. ట్రాక్టరు ఇంజనే తిప్పుతుంది. పంచరైన ట్రాక్టరుకు టైరు పోయింది గానీ ఇంజను పోలేదు గదా! మనం ఇంజనును ఎందుకు మోయాలి?

కాబట్టి మోయవలసింది లారీ బ్రేకు కంప్రెసరు, ఒక చట్రం, రెండు పుల్లీలు, బెల్టు, రబ్బరు గొట్టం. ట్రాక్టరు పీటీవో షాఫ్టు 540 చుట్లు తిరుగుతుంది. దాదాపు మూడింతలు చేస్తే 1500. 160 సీసీ కంప్రెసరు ఆ వేగానికి 240 లీటర్లు పీల్చాలి. పీడనం మీద నూటికి అరవై పాళ్ళే దక్కుతుందనుకున్నా 140 లీటర్ల పైన. టైరుకు ఒకటిన్నర నిమిషం. చక్రం విప్పకుండానే, ఒక పక్క టైరు అంచు లేపి, ట్యూబు బయటికి లాగి అతికితే గన్ను అవసరమే లేదు. గన్ను ఆశ వదులుకోమని మామకు చెప్పడానికి మాత్రం రెండు రోజులు పట్టింది.

ఇబ్బందులు లేకపోలేదు. నలభై డిగ్రీల గాలిని ఒకే దెబ్బలో 8 బార్లకు నొక్కితే, చల్లార్చకపోతే లెక్క ప్రకారం 300 డిగ్రీలు దాటుతుంది. టైరుకు రెండు బార్లు చాలు కాబట్టి అక్కడే వదిలే సేఫ్టీ వాల్వు పెట్టాం. ఎర్రదుమ్ముకు పీల్చే మూతి దగ్గర ఫిల్టరు తప్పనిసరి. ఇరుసు కింద జాకీని నమ్మక మొద్దులు పెట్టాలి, గేరు న్యూట్రల్లో ఉండాలి. పీటీవో దగ్గర భుజం మీది తుండుగుడ్డ వేలాడరాదు, పుల్లీలకు రేకు కప్పు లేనిదే తిప్పరాదు.

పాత ట్యాంకు పెట్టుకోదలచినవారికి ఒక మాట. దాన్ని గాలితో పరీక్షించవద్దు. 8 బార్ల 24 లీటర్ల గాలి పగిలితే వచ్చే శక్తి, యాభై కిలోల డీఏపీ బస్తా యాభై మీటర్ల ఎత్తునుంచి పడినంత. నీళ్ళు నింపి, పంపుతో ఒకటిన్నర రెట్లు ఒత్తిడి పెట్టి చూడాలి. నీరు నొక్కుకోదు కాబట్టి చీలినా కారుతుందే గాని పేలదు.

మా చట్రం ఇప్పుడు వెల్డింగులో ఉంది. బెల్టు బిగించే స్క్రూ ఎటువైపు పెట్టాలన్న దాని మీద నాకూ మామకూ ఇంకా తేలలేదు.